పసిబిడ్డ తొలిబడి



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము వినుటకు చిన్నదిగా తోచవచ్చును. మూడేండ్ల బిడ్డ తొలిసారి బడికి పోవుట. జూను మాసమున బడులు తెఱచిన తొలి వారమున పల్లెటూరి అంగన్‌వాడీ వాకిట నిలిచినను, విశాఖపట్టణమున ఏదేని నర్సరీ బడి వాకిట నిలిచినను వినవచ్చు ధ్వని యొక్కటే. ఒక బిడ్డ తల్లి కొంగు విడువక యేడ్చును. ఒకడు గేటు కమ్ములు పట్టుకొని కేకలు వేయును. ఒక పిల్ల యేడువదు, పలుకదు, గోడ కానుకొని నిలుచును. నవ్వుచు లోనికి పరుగిడు బిడ్డయు నొకడుండును. చూచుచున్న పెద్దలు అక్కడనే తీర్పు చెప్పుదురు. ఏడ్చినవాడు పిఱికివాడు, కేకలు వేసినవాడు మొండివాడు, పలుకని పిల్ల బుద్ధిమంతురాలు, నవ్వినవాడు గట్టివాడు. ఈ తీర్పులు తొందరపడి చెప్పినవని నా మనవి. ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయ వృత్తిలో నుండి నేను చూచినదియు, శాస్త్రజ్ఞులు పసిబిడ్డల దేహమునందే కొలిచి కనుగొన్నదియు కలిపి తమకు విన్నవించెదను.

మన పూర్వులు అయిదవ యేట అక్షరాభ్యాసము చేసి బిడ్డను బడిలో వేయుచుండిరి. అంతవఱకు ఇల్లే బడి, అరుగే తరగతి, తాతయు అమ్మమ్మయు గురువులు. ఆ కాలము మాఱినది. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము దేశములో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభించినది. అదియే నేడు ఊరూర మనము చూచుచున్న అంగన్‌వాడీ. మూడేండ్లు నిండిన బిడ్డకు అక్కడ ఆటపాటలతో చదువు మొదలగును. 2020 నాటి జాతీయ విద్యావిధానమును మూడవయేటినుండియే బిడ్డను విద్యాక్రమములో చేర్చుకొన్నది. కావున తొలిబడి కన్నీరు నేడు ప్రతి యింటి సంగతియైనది.

విశాఖపట్టణమున ఈ సంగతి మఱింత చిక్కుపడినది. 1933లో ఓడరేవు తెఱవబడినది. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధిగారు ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి. ఈ రేవును, ఈ కర్మాగారమును నమ్ముకొని మన పల్లెల పిల్లలెందఱో గాజువాకలోను, మల్కాపురములోను, ఉక్కునగరములోను కాపురములు పెట్టిరి. తండ్రికి షిఫ్టు డ్యూటీ. ఒక వారము పగలు, ఒక వారము రాత్రి. కొన్ని యిండ్లలో తల్లికిని ఉద్యోగము కలదు. తాతయు మామ్మయు పల్లెలో నుందురు. రెండు గదుల అద్దె యింటిలో తల్లిదండ్రుల మొగము తప్ప మఱియొక మొగ మెఱుగని బిడ్డను, మూడేండ్లు నిండగానే, ముప్పదిమంది పిల్లల నడుమ నొకనాటి యుదయమున విడిచివత్తురు. ఆ బిడ్డ మన మనుమడు. కావుననే పట్టణపు సంగతి పల్లె పెద్దలతో ముచ్చటించుచున్నాను.

ముందుగా భయపడిన దేహములో జరుగు పనిని చెప్పుదును. మీరు మునిమాపువేళ చేని గట్టున నడచుచుండగా కాలిముందు పాము కదలినదనుకొనుడు. గుండె దడదడ కొట్టుకొనును, నోరెండును, కాళ్లకు ఎక్కడలేని బలము వచ్చును. ఇది మీరు తలచి చేసినది కాదు. దేహము తనంతట తాను చేసికొన్న సన్నాహము. ఈ సన్నాహము రెండు విధములు. మొదటిది క్షణములో జరుగును. అడ్రినలిన్ అను రసము రక్తములో కలిసి గుండెను పరుగెత్తించును. రెండవది నింపాదిగా, నిమిషములమీద జరుగును. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న తావు కలదు. అది తన క్రిందనే వ్రేలాడు పీయూష గ్రంథికి కబురు పంపును. పీయూష గ్రంథి, మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న అధివృక్క గ్రంథులకు ఉత్తరువు పంపును. అవి కార్టిసాల్ అను రసమును రక్తములోనికి విడుచును. ఇట్టి రసములను హార్మోనులందురు.

కార్టిసాల్ విషము కాదు. అది లేనిదే మనిషి బ్రదుకజాలడు. అది రక్తములోనికి చక్కెరను తెచ్చి మెదడునకును కండరములకును శక్తి నందించును. దానికొక దినచర్యయు కలదు. ఉదయము నిద్రలేచిన అరగంటకు మిక్కిలి హెచ్చుగా నుండి, పగలు గడచినకొలదియు దిగుచు, నడిరేయికి మిక్కిలి తక్కువగును. 1936లో కెనడాదేశమున మాంట్రియల్ నగరమునందున్న హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు, చలియైనను గాయమైనను విషమైనను దేహము వానికి ఎదురునిలుచుటలో నొక సామాన్యమైన క్రమము కలదని ప్రకటించెను. నేడు మనము ఒత్తిడి యని వాడుచున్న మాటకు మూలమక్కడ కలదు. ఈ గ్రంథుల రసములను శోధించినందులకు కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను మువ్వురికి 1950లో నోబెల్ బహుమాన మీయబడినది.

ఈ రసము నడకను తెలిసికొనుటకు చెఱువు తూమును తలచుకొనుడు. పైరునకు నీరు కావలసినపుడు తూము తెఱతురు. మడి నిండగానే మూయుదురు. తెఱచుట తప్పు కాదు. తెఱవని తూముతో పైరెండును. కాని మూతపడక రాత్రింబవళ్లు పాఱినచో మడి కుళ్లును, చెఱువు వట్టిపోవును. దేహములోను అట్టి యేర్పాటే కలదు. కార్టిసాల్ తగినంత చేరగానే మెదడు దానిని కనిపెట్టి, ఇక చాలునని తన యుత్తరువును నిలుపును. కొత్తచోట బిడ్డకు భయము కలిగి ఈ తూము తెఱచుకొనుట రోగము కాదు. అది మరల మూతపడుచున్నదా లేదా యనునదే మనము చూడవలసినది. నెలల తరబడి మూతపడనిచో నిద్ర చెడును, రోగముల నెదుర్కొను శక్తి సన్నగిల్లును.

దీనిని కొలుచుటకు పూర్వము రక్తము తీయవలసి యుండెను. సూదిని చూచుటయే బిడ్డకు భయకారణము గదా! తరువాత లాలాజలమునందే కొలుచు పద్ధతి వచ్చినది. దూదిచుట్టను కొంతసేపు నోటిలో నుంచి తీసిన చాలును. ఈ పద్ధతితో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున మేగన్ గన్నర్ అను విదుషియు, ఆమె తోడి పరిశోధకులును ఎందఱో పసిబిడ్డలను పరీక్షించిరి. వారు 2003లో ప్రకటించినది వినుడు. ఇంటివద్ద నున్న దినమున, తప్పటడుగులు దాటిన చిన్నపిల్లలలో నూటికి 64 మందికి ఈ రసము ఉదయముకంటె సాయంకాలమునకు తగ్గెను. అది సహజమైన నడక. శిశుసంరక్షణ కేంద్రమున నున్న దినమున ఆ పిల్లలలోనే నూటికి 71 మందికి అది సాయంకాలమునకు తగ్గుటకు మాఱు హెచ్చెను. తోటిపిల్లలతో ఎక్కువగా ఆడుకొన్నవారికి తక్కువగా నుండెను. కొత్తవారిని చూచి జంకు స్వభావము గలవారికి ఎక్కువగా పెరిగెను. దీనినిబట్టి బడి చెడ్డదని గాని, తల్లి యుద్యోగము తప్పని గాని యెవరును తలపరాదు. ఆదరముగా చూచుకొను మనుషులున్న కేంద్రములలో ఈ పెరుగుదల తక్కువయని ఇట్టి పరిశోధనలే చెప్పుచున్నవి. పసిబిడ్డకు పదిమందిలో మెలగుట యనునది మనము తలచినంత తేలికయైన పని కాదని మాత్రము తెలిసికొనవలెను.

జర్మనీదేశపు బెర్లిన్ నగరమున జరిగిన మఱియొక పరిశోధన 2004లో వెలువడినది. అందు పదునైదు మాసముల బిడ్డలు 70 మంది. అక్కడ బిడ్డను తొలినాడే విడిచిపోరు. కొన్ని దినములు తల్లియు కేంద్రములో కూర్చుండును. ఆ దినములలో, తల్లితో గట్టి యనుబంధముగల బిడ్డలకు కార్టిసాల్ చాల తక్కువగా నుండెను. తల్లి విడిచిపోయిన తరువాత తొమ్మిది దినములు ఇంటి మట్టముకంటె నూటికి 75 మొదలు 100 పాళ్లవఱకు హెచ్చెను. అయిదు మాసములకు తగ్గెను గాని, ఇంటి మట్టమునకు పూర్తిగా దిగలేదు. ఇందొక విశేషము కలదు. తల్లితో గట్టి యనుబంధముగల బిడ్డలలో ఏడ్పును ఈ రసమును కలిసి నడచినవి. తక్కిన బిడ్డలలో అట్లు కలియలేదు. కావున ఏడ్పు వినబడలేదని లోపల నెమ్మదిగా నున్నదని చెప్పుటకు వీలులేదు. పైకి నీరు కనబడకున్నను తూము తెఱచియే యుండవచ్చును.

ఇక స్వభావము మాట. ఒక తల్లి కడుపున పుట్టిన యిద్దఱు బిడ్డలు ఒకే తీరున నుండరని మీరెఱుగుదురు. ఆయుర్వేదము దీనిని ప్రకృతి యని పేర్కొన్నది. న్యూయార్కు నగరమున అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అను వైద్య దంపతులు 1956 మొదలుకొని శిశువులను ఏండ్ల తరబడి పరిశీలించి మూడు తరగతులు చెప్పిరి. నూటికి 40 మంది సుళువుగా సర్దుకొనువారు. 10 మంది ప్రతిదానికి పెనుగులాడువారు. 15 మంది తొలుత వెనుకంజ వేసి, మెల్లగా కలియువారు. తక్కినవారు మిశ్రస్వభావులు. హార్వర్డు విశ్వవిద్యాలయమున జెరోమ్ కేగన్ అను పండితుడు నాలుగు మాసముల శిశువులకు కొత్త బొమ్మలను చూపి, కొత్త ధ్వనులను వినిపించి చూడగా, సుమారు అయిదింట నొకరు కాలుసేతులు కొట్టుకొని యేడ్చిరి. వారిలో పలువురు రెండవయేట కొత్తవారికి జంకువారైరి. అయినను అందఱును కాలేదు. ఆ జంకు నేరము కాదు, పెంపకపు లోపమును కాదు, నుదుటి వ్రాతయును కాదు. థామస్, చెస్ దంపతులు చెప్పిన ముఖ్యమైన మాట పొందిక యనునది. బిడ్డ స్వభావమునకును మన నడపుడునకును పొందిక కుదిరినచో ఏ స్వభావమైనను రాణించును.

రైతునకు ఈ మాట కొత్తది గాదు. కోడెను కాడికి అలవాటు చేయునపుడు తొలినాడే నిండుబండికి కట్టునా? పాతయెద్దును జతచేసి, వట్టిబండితో ఊరి వెలుపల రెండు మలుపులు త్రిప్పి విప్పును. ఒక కోడె మూడవనాడే నడచును. ఒకటి మూడు వారములు తీసికొనును. ఆలస్యముగా మెడయొగ్గిన కోడెను రైతు పనికిమాలినదని యమ్మివేయడు. తన కోడెకు చూపిన యోర్పు తన మనుమనికి చూపిన చాలును.

గన్నర్‌గారి బృందము 1997లో ప్రకటించిన మఱియొక విషయమును నేను మఱచిపోలేను. బడి తెఱచిన తొలిదినములలో ఈ రసము హెచ్చి, తరువాత పరిచయము కుదిరినకొలది దిగిన బిడ్డలు, కలివిడిగా, నేర్పుగా నుండి తోటివారి మెప్పు పొందిరి. తొలుత తక్కువగా నుండి తరువాత హెచ్చినవారును, మొదటినుండి తుదివఱకు హెచ్చుగానే యున్నవారును ఒంటరిగా, దిగులుగా నుండిరి. ఇది గేటువద్ద మనము చెప్పు తీర్పులను తలక్రిందులు చేయుచున్నది. తొలివారమున కలతపడినవాడు రెండవ నెలలో ఆటలకు నాయకుడు కావచ్చును. తొలివారమున నిశ్చలముగా నున్న పిల్ల రెండవ నెలలో వాడిపోవచ్చును. కావున తొలినాటి కన్నీటిని కొలువకుడు. ఆఱు వారములు గడచిన తరువాత బిడ్డ మొగమును చూడుడు.

ఇందుకు మా బంధువులలో జరిగిన సంగతి చెప్పెదను. మా పినతండ్రి కుమారుడు శృంగవరపుకోట దగ్గఱి పల్లెలో వ్యవసాయము చేయును. అతని కుమారుడు ఉక్కు కర్మాగారమున పని చేయుచు గాజువాకలో కాపురమున్నాడు. మూడేండ్లు నిండిన తన కొడుకును దగ్గఱి బడిలో చేర్చెను. గేటువద్ద విడిచి వెనుదిరిగి చూడక పొండని అక్కడి నియమము. బిడ్డ మూడు దినములు గొంతు పోవునట్లు ఏడ్చి నాలుగవనాడు మానెను. అందఱును సంతోషించిరి. “బాబు అలవాటు పడిపోయాడు నాన్నా” అని తండ్రి పల్లెకు ఫోను చేసి చెప్పెను. కాని డబ్బాలో పెట్టిన పెరుగన్నము పెట్టినట్లే తిరిగివచ్చుచుండెను. ఏడాది క్రిందటనే మానిన పక్క తడుపుట మరల మొదలయ్యెను. తల్లి వంటింటిలోనికి పోయినను వెంబడి పోవుచుండెను. రాత్రివేళ ఉలికిపడి లేచుచుండెను. నెల్లాళ్లకు మా మఱదలు పల్లెనుండి వచ్చి, రెండు దినములు చూచి నాతో ననిన మాట యిది: “వీడు అలవాటు పళ్ళేదు బావగారూ. ఆశొదులుకున్నాడు.”

మేమిద్దఱము బడికి పోయి ప్రధానోపాధ్యాయురాలితో మాటలాడితిమి. ఆమె విని, ఒక వారము దినములకు సెలవిచ్చినది. మా మఱదలు తొలి రెండు దినములు తరగతి గడపలో కూర్చుండి పూలు గ్రుచ్చుకొనుచుండెను. మనుమడు ఆమెను తాకి వెళ్లును, మరల వచ్చి తాకును. మూడవనాడు ఆమె వరండాలోనికి జరిగెను. అయిదవనాడు గేటుదగ్గఱి వేపచెట్టు క్రింద కూర్చుండెను. లేచి పోవలసినపుడెల్ల వానితో చెప్పియే పోవుచుండెను. చెప్పిన వేళకు వచ్చుచుండెను. ఎనిమిదవనాటి యుదయము వాడే గేటువద్ద నిలిచి, “మామ్మా, నువ్వు ఇంటికెళిపో, అన్నం తిన్నాక రా” అనెను. పెరుగన్నము డబ్బా ఖాళీయై వచ్చుటకు మఱి పదిదినములు పట్టెను. పక్క పొడియగుటకు నెల పట్టెను. దసరానాటికి వాడు బడిలో నేర్చిన పాటను గుక్కతిప్పుకొనక పాడుచుండెను. మా మఱదలు బెర్లిన్ పేరు విన్నది కాదు. అక్కడివారు కొలిచి చెప్పినదానిని ఆమె చూచి తెలిసికొన్నది.

నిజమునకు మన అక్షరాభ్యాసపు వేడుకలోనే ఈ నీతి యిమిడియున్నది. బిడ్డను ఎక్కడ కూర్చుండబెట్టుదుము? తండ్రి యొడిలోనో తాత యొడిలోనో గదా! పళ్లెములో బియ్యము కొత్తవి కావు, రోజును చూచినవే. చేతిని పట్టినవారు తెలిసినవారే. కొత్తది అక్షర మొక్కటియే. పాత యొడిలో కూర్చుండి బిడ్డ కొత్తదానిని తాకును. మనము నేడు బడిలో వేయునపుడు ఇల్లు కొత్తది, మనుషులు కొత్తవారు, వేళలు కొత్తవి, ఇంగ్లీషు బడియైనచో భాషయు కొత్తది. అన్నియు నొక్కసారి మీదపడును. ఒడి మాత్రము లేదు.

ఈ కష్టము ఒక్కమాఱుతో తీఱునదియు కాదు. 2002 మొదలుకొని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వేలకొలది బిడ్డలను యంగ్ లైవ్స్ అను పరిశోధన వెంబడించినది. శ్రీకాకుళము జిల్లాయు అందు చేరియుండెను. అంగన్‌వాడీలో కొన్నాళ్లుండి తరువాత ప్రైవేటు ఇంగ్లీషు బడికి మాఱు పల్లెబిడ్డలు అందు కనబడిరి. అట్టి బిడ్డకు తొలిబడి రెండుమాఱులు వచ్చినట్లు. రెండవసారియు ఈ యోర్పే కావలెను.

ఇక చేయవలసినవి చెప్పెదను. చేర్చుటకు కొన్ని దినములు ముందుగానే బిడ్డను బడికి తీసికొనిపోయి, ఎవరును లేనివేళ ఆవరణము చూపుడు. టీచరుతో మీరు నవ్వుచు మాటలాడుట బిడ్డ చూడవలెను. మీరు నమ్మినవారిని బిడ్డ నమ్మును. తొలిదినములలో ఇంటివారొకరు దగ్గఱ కూర్చుండి, క్రమముగా దూరము జరుగవలెను. తల్లికి సెలవు దొరకనిచోట తాతయో మామ్మయో పల్లెనుండి పోయి పదిదినములు ఉండుడు. మీరు మనుమనికి తీసికొనిపోవు అరిసెలకంటె ఆ పదిదినములు మేలు చేయును.

బిడ్డ మఱచియున్నపుడు వెనుకనుండి జాఱిపోవుట చాలమంది చేయు పని. అట్లు చేయకుడు. తిరిగిచూచి తల్లి లేదని తెలిసికొన్న బిడ్డ, మఱునాటినుండి ఆటలోను ఒక కన్ను వాకిటనే యుంచును. ఏడ్చినను సరియే, చెప్పి పొండు. పసివానికి గడియారము తెలియదు. నాలుగు గంటలకు వత్తునన్న వానికేమి యర్థమగును? అన్నము తిని, నిద్రలేచి, ముఖము కడిగిన తరువాత వత్తునని చెప్పుడు. చెప్పిన వేళకు తప్పక పొండు. ఆ మాట నిలువబెట్టుకొన్న ప్రతిదినమును తూము మూయుటకు తోడ్పడిన దినమే.

మామ్మ పాతచీర ముక్కయైనను, ఇంటి బొమ్మయైనను బిడ్డ చేతిలో నుండనిండు. ఇంటికి వచ్చిన బిడ్డను ఏమి నేర్చితివి, అప్పజెప్పుమని నిలదీయకుడు. పట్టెడన్నము పెట్టి, ఒడిలో కూర్చుండబెట్టుకొని ఊరకుండుడు. సాయంకాలము నెమ్మదిగా గడచి పెందలకడ నిద్రపోవుట ఈ బిడ్డలకు మిక్కిలి అవసరము. రెండవ షిఫ్టు ముగించుకొని రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరిన తండ్రి, నిద్రించు బిడ్డను లేపి ముద్దాడును. ఆ ప్రేమ నేనెఱుగుదును. కాని ఆ ముద్దును తెల్లవాఱువఱకు దాచుకొనుమని మీ కుమారునికి మీరు చెప్పవలెను.

మాటలతో చేయు కీడు మఱియొకటి కలదు. బడి తెఱచుటకు ఏడాది ముందునుండియే, అల్లరి చేసిన బిడ్డతో “ఉండు, నిన్ను బళ్ళో పడేస్తాను, మాష్టారు తోలు తీస్తారు” అందుము. బడిని బూచిగా చూపి, పిమ్మట ఆ బూచి యింటికే పంపుదుము. వాడు వెఱవక యేమి చేయును? పూర్వపు వీధిబడులలో కోదండము వేయుట యను శిక్ష యుండెను. బిడ్డను త్రాటికి వ్రేలాడగట్టుచుండిరి. దానిని గుఱించి చెప్పునపుడు డెబ్బదేండ్ల వయస్సునను మా తాతగారి గొంతు మాఱెడిది. చదువులు మఱచిపోవును గాని దేహము భయమును అంత త్వరగా మఱవదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో కొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను నిషేధించినది. ఇంటిలో నాలుకతో కొట్టుటను మనమే నిషేధించుకొనవలెను. పిఱికివాడని పేరు పెట్టకుడు. ఎదురింటి పిల్లతో పోల్చకుడు. మెల్లగా కలియు స్వభావమని చెప్పుకొనుడు. ఆ మాటలో నిందయు లేదు, అబద్ధమును లేదు.

ఆఱు వారములు, రెండు మాసములు గడచిన తరువాత చూడవలసిన గుర్తులు కొన్ని కలవు. మానిన పక్కతడుపు మరల వచ్చుట, తిండి తగ్గుట, నిద్రలో ఉలికిపాటు, వచ్చిన మాటలు తగ్గుట, తోటిపిల్లల నడుమ నుండియు ఆడకుండుట, ప్రతి యుదయము కడుపునొప్పి యనుట. ఇట్టివి తగ్గక నిలిచినచో ముందు టీచరుతో మాటలాడుడు. బడిలో ఎవరైన అదలించుచున్నారేమో, మఱుగుదొడ్డికి పోవుటకు భయపడుచున్నాడేమో కనుగొనుడు. అప్పటికిని కుదురుపడనిచో పిల్లల వైద్యునికి చూపుడు. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రివంటి పెద్ద ఆసుపత్రులు ఉండనే యున్నవి. కార్టిసాల్ కొలిపింపవలెనని మాత్రము పరుగులిడకుడు. అది గంటగంటకు మాఱునది. ఒక్కసారి కొలిచిన అంకెవలన బిడ్డ మనసు తెలియదు. ఇంటివారి కన్నులే దానికి చాలిన సాధనము.

ఊరి పెద్దలుగా తమవలన కావలసిన పనియు నొకటి కలదు. అంగన్‌వాడీలో సాధారణముగా ఒక కార్యకర్తయు, ఒక ఆయాయు నుందురు. బియ్యము, గ్రుడ్లు, పద్దులు, తూకములు అన్నియు వారిమీదనే. జూను మాసమున తొలి రెండు వారములు ఇంటికొక పెద్ద వంతులవారీగా వచ్చి అక్కడ కూర్చుండు నేర్పాటు చేయుడు. అందులకు రూపాయి ఖర్చు లేదు. ఒక చాపయు, చెట్టునీడయు, నాలుగు కథలును ఉన్న చాలును. ఏడ్చు బిడ్డ మన యింటిబిడ్డ కాకపోయినను ఊరి తాత మొగము తెలిసిన మొగమే.

విశాఖ రేవులోనికి పెద్ద యోడ వచ్చుట మీలో కొందఱు చూచియుందురు. సముద్రములు దాటి వచ్చిన కప్తానైనను డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కనుండి లోపలి రేవునకు పోవు ఇఱుకుదారిని ఒంటరిగా చొరడు. రేవు పైలట్ ఎదురువచ్చి యోడ నెక్కును. చిన్న టగ్గు పడవలు దానిని పట్టుకొని నడపును. ఇందు కప్తానునకు చిన్నతనము లేదు. అది రేవు మర్యాద. అంతటి యోడకు చూపు మర్యాదను మూడేండ్ల బిడ్డకును చూపుదము. వచ్చు జూనులో మీ మనుమడో మనుమరాలో బడిలో చేరుచున్నచో, ఇప్పుడే పట్టణమునకు కబురు పంపుడు: మేము పదిదినములు వచ్చి యుండెదమని, గడపవద్ద కూర్చుండుటకు టీచరును ముందుగా అడిగియుంచుమని.